స్పోర్ట్స్ కార్ల అసలు మైలేజీని పోల్చడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఉంటూ, చెన్నైకీ ఒంగోలుకీ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే కొందరు మిత్రుల కార్ల పెట్రోలు లెక్కలను నేను కొన్నేళ్లుగా ఒక నోటుపుస్తకంలో రాసి పెడుతున్నాను. ఆ పుస్తకం చూసినవారు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి కాబట్టి వాటికి ఒకచోట సమాధానాలు రాస్తున్నాను. వందల హార్స్‌పవర్ ఉన్న కారుకు మైలేజీ లెక్క ఎందుకని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఎంత బలమైన యంత్రమైనా తాగిన ఇంధనంతో ఎంత పని చేసిందో తెలుసుకుంటేనే దాన్ని పూర్తిగా ఎరిగినట్టు.

ఒకే మోడల్ కారుకు ఒకరు లీటరుకు 5 కిలోమీటర్లు అంటారు, మరొకరు 11 అంటారు. ఇద్దరిలో ఎవరిది నిజం?

ఇద్దరిదీ నిజం కావచ్చు. మామూలు చిన్న కారును ఎలా నడిపినా దాని మైలేజీ ఒక పరిధిలోనే కదులుతుంది. స్పోర్ట్స్ కారులో ఆ పరిధి చాలా వెడల్పు. పెద్ద ఇంజను ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నా గణనీయంగా పెట్రోలు తాగుతుంది, పెద్ద గేరులో స్థిరంగా సాగినప్పుడు ఆశ్చర్యపోయేంత పొదుపుగా ఉంటుంది, యాక్సిలరేటరును అదిమి తొక్కితే ఆ రెంటికీ సంబంధం లేని మూడో లెక్క చూపిస్తుంది. అందువల్ల ఏ రోడ్డు మీద, ఎంత వేగంతో, ఎన్ని కిలోమీటర్లు, ఏ పద్ధతిలో కొలిచారు అన్న నాలుగు సంగతులు తెలియకుండా ఒక అంకెను మరో అంకెతో పోల్చడం వల్ల ఏమీ తేలదు.

కంపెనీ కాగితాల మీద ఉండే అధికారిక అంకెల్లో దేన్ని నమ్మాలి?

అవి అబద్ధాలు కావు, కానీ ఒక్కొక్కటి ఒక్కో పరీక్ష ఫలితం. మన దేశంలో ఏఆర్‌ఏఐ (కార్లను పరీక్షించే భారత సంస్థ) పేరుతో చెలామణీ అయ్యే అంకెకు ఆధారమైన పరీక్షలో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లు మాత్రమే. దానికి మూలమైన పాత ఐరోపా పరీక్ష ఎన్‌ఈడీసీ 1180 సెకన్ల పాటు సాగుతుంది, అందులో వేగం 120 వరకు వెళుతుంది, అయితే వేగం పెంచే తీరు మరీ మెల్లగా ఉంటుంది. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకు దాని స్థానంలో వచ్చిన డబ్ల్యుఎల్‌టీపీ 1800 సెకన్లు, 23 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది, వేగం 131 దాకా చేరుతుంది. కనుక ఒకే కారుకు ఎన్‌ఈడీసీ అంకె కంటే డబ్ల్యుఎల్‌టీపీ అంకె తక్కువ మైలేజీ చూపడం సహజం; కారు పాడైందని కాదు.

స్పోర్ట్స్ కార్లను పోల్చడానికి నాకు ఎక్కువ అక్కరకు వచ్చేది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ ఇచ్చే అంకె. 2008 మోడల్ సంవత్సరం నుంచి వారు ఊరి ప్రయాణం, హైవే ప్రయాణాలతో పాటు గట్టిగా వేగం పెంచే పరీక్షను, ఏసీ వేసి నడిపే పరీక్షను, చలి పరీక్షను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. చలి పరీక్షతో నెల్లూరుకు పెద్దగా పని లేదు గానీ, ఏసీ పరీక్ష మాత్రం మనకు ఎంతో సొంతం అనిపిస్తుంది.

పేరున్న కార్ల అంకెలు కొన్ని చెప్పగలరా?

ఈపీఏ అంకెలు గాలనుకు మైళ్లలో ఉంటాయి. అమెరికా గాలను 3.785 లీటర్లు, కాబట్టి ఆ అంకెను 0.425తో గుణిస్తే లీటరుకు కిలోమీటర్లు వస్తాయి. బ్రిటన్ గాలను 4.546 లీటర్లు. బ్రిటిష్ పత్రికల అంకెను అమెరికా అంకె పక్కన పెట్టి పోల్చేవారు ఈ తేడా మరిచిపోతే, ఏ తేడా లేని కార్ల మధ్య కూడా 20 శాతం తేడా పుట్టుకొస్తుంది. నేను చూసిన వాదనల్లో సగానికి సగం ఈ గాలను దగ్గరే మొదలయ్యాయి.

2020 పోర్షె 911 కరేరాకు ఊళ్లో 18, హైవే మీద 24, రెండూ కలిపి 20 మైళ్లు. మన లెక్కలో లీటరుకు సుమారు 7.7, 10.2, 8.5 కిలోమీటర్లు. అదే ఏడాది షెవర్లే కార్వెట్ సీ8కు 15, 27, 19, అంటే 6.4, 11.5, 8.1. మన దేశంలోనూ అమ్ముడుపోయిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో 2018 నాటి మాన్యువల్ గేర్ల కారుకు అమెరికాలో 15, 25, 18. నిస్సాన్ జీటీ-ఆర్‌కు 16, 22, 18. ఈ వరుసలో చివరి కొసన ఉండే బుగాటి షిరాన్‌కు 9, 14, 11, అంటే కలిపి లీటరుకు 4.7 కిలోమీటర్లు. మరో కొసన రెండు లీటర్ల ఇంజను ఉన్న చిన్న మాజ్దా ఎంఎక్స్-5 మాన్యువల్‌కు 26, 34, 29, అంటే కలిపి 12.3.

6.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను ఉన్న కార్వెట్, మూడు లీటర్ల పోర్షె కంటే హైవే మీద ఎక్కువ మైలేజీ ఎలా ఇస్తుంది?

ఈ ప్రశ్న అడిగినవారంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే విషయమంతా ఇందులోనే ఉంది. పైన చెప్పిన అంకెల్లో ఊళ్లో పోర్షెది పైచేయి, హైవే మీద కార్వెట్‌ది పైచేయి, వరుస తలకిందులయింది.

దాదాపు 1,600 కిలోల బరువున్న స్పోర్ట్స్ కారు చదునైన రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సాగడానికి గాలి నిరోధాన్నీ టైర్ల దొర్లుడు నిరోధాన్నీ కలిపి లెక్క వేస్తే సుమారు 12 నుంచి 13 కిలోవాట్ల శక్తి చాలు. అది 17 హార్స్‌పవర్‌తో సమానం. 385 హార్స్‌పవర్ ఇవ్వగల ఇంజనును 17 కోసం వాడుతున్నామన్నమాట. అటువంటప్పుడు పెట్రోలులో పెద్ద వాటా చక్రాలకు చేరకుండా, ఇంజను లోపలి రాపిడికీ, సగం మూసిన థ్రాటిల్ (ఇంజనులోకి గాలిని వదిలే తలుపు) గుండా గాలిని లాక్కోవడానికీ ఖర్చయిపోతుంది. ఈ వృథాను తగ్గించేందుకు కార్వెట్‌లో రెండు ఉపాయాలు ఉన్నాయి. ఒకటి, భారం తక్కువగా ఉన్నప్పుడు ఎనిమిది సిలిండర్లలో నాలుగింటికి పని ఆపేసి, మిగిలిన నాలుగింటి మీద భారం పెంచుతుంది. రెండు, పై గేర్లు ఎంత పొడవుగా ఉంటాయంటే హైవే వేగంలో ఇంజను చాలా నెమ్మదిగా తిరుగుతుంది. తక్కువ చుట్లలో కూడా మంచి లాగుడు ఉన్న పెద్ద ఇంజనుకు ఇది సాధ్యం.

ఊళ్లోకి వచ్చేసరికి ఆ ఉపాయాలకు అవకాశం లేదు. ఆగుతూ కదులుతూ ఉండే చోట పెద్ద ఇంజను తన పరిమాణానికి తగిన మూల్యం చెల్లించవలసిందే. అందుకే సిలిండర్లు, లీటర్లు చూసి మైలేజీని అంచనా వేసేవారు నిరాశపడతారు. గేర్ల నిష్పత్తి, కారు బరువు, గాలిని చీల్చే తీరు, వెళ్లే రోడ్డు, ఈ నాలుగింటినీ చూడకుండా అంచనా వేయలేము.

వేగం పెంచితే మైలేజీ ఎంత పడిపోతుంది?

గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళితే వేగం ఒకటిన్నర రెట్లే అయినా గాలి నిరోధం రెండుంపావు రెట్లు అవుతుంది. టైర్ల నిరోధం దాదాపు మారదు కాబట్టి, పైన చెప్పిన కారుకు ప్రతి కిలోమీటరుకూ కావలసిన మొత్తం పని 80తో పోలిస్తే 120 దగ్గర సుమారు 60 శాతం ఎక్కువ. భారం పెరిగినప్పుడు ఇంజను సామర్థ్యం కొంత మెరుగుపడుతుంది గనుక పెట్రోలు ఖర్చు అంత పెరగదు, కానీ తేడా మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

మన జాతీయ రహదారి మీద కార్లకు 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం 100. నేను పోలికలన్నీ 80 దగ్గరా 100 దగ్గరా మాత్రమే చేయిస్తాను. చట్టం అదే చెబుతున్నది, పైగా కావలి, సింగరాయకొండ దగ్గర ఊళ్ల మలుపుల్లో ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనాలనూ, రోడ్డు దాటే గేదెలనూ చూసినవారెవరూ అంతకు మించి పరీక్షలు పెట్టమని అడగరు.

ఇక వేగానికి చివరి అంచు ఎక్కడ ఉందో తెలియజేయడానికి ఒక ఉదాహరణ. బుగాటి వేరాన్ గరిష్ఠ వేగంలో తన 100 లీటర్ల ట్యాంకును సుమారు 12 నిమిషాల్లో ఖాళీ చేస్తుందని చెబుతారు. గంటకు 400 కిలోమీటర్ల వేగంలో 12 నిమిషాలంటే 80 కిలోమీటర్లు. లీటరుకు 800 మీటర్లు.

నెల్లూరు ఊళ్లో తిరిగితే ఎంత ఆశించాలి?

ఈపీఏ ఊరి అంకె కంటే తక్కువే ఆశించండి. మాగుంట లేఔట్ నుంచి ట్రంకు రోడ్డు మీదుగా వీఆర్‌సీ సెంటరుకు వెళ్లి వచ్చే ప్రయాణంలో ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ప్రయాణం ముగిసిపోతుంది. చల్లని ఇంజను, దానిలోని చిక్కటి ఆయిలు, కాలుష్య నియంత్రణ పరికరాన్ని త్వరగా వేడి చేయడానికి అదనంగా మండే పెట్రోలు, ఇవన్నీ మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే వసూలవుతాయి. పెద్ద వీ8 ఇంజను నిలబడి ఉన్నప్పుడే గంటకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా తాగుతుంది. ఊరి మైలేజీని నేను పోలికకు వాడను; రెండు రోజుల ట్రాఫిక్ ఎన్నడూ ఒకలా ఉండదు.

లీటరుకు కిలోమీటర్లు అనే లెక్కనే వాడాలా, 100 కిలోమీటర్లకు లీటర్లు అనే లెక్కనా?

మాట్లాడుకోవడానికి మొదటిది, పోల్చడానికి రెండోది. దీనికి కారణం ఉంది. ఒక కారు మైలేజీ 4 నుంచి 5కు పెరిగిందనుకుందాం. 100 కిలోమీటర్లకు 25 లీటర్లు కావలసినచోట 20 సరిపోయాయి, ఐదు లీటర్లు మిగిలాయి. మరో కారు మైలేజీ 12 నుంచి 15కు పెరిగితే, 8.3 లీటర్లు 6.7 అయ్యాయి, మిగిలింది లీటరున్నర పైచిలుకు. వినడానికి మూడు కిలోమీటర్ల పెరుగుదల ఒక కిలోమీటరు పెరుగుదల కంటే గొప్పగా ఉంటుంది, కానీ బంకులో కట్టే డబ్బు దగ్గర కథ వేరు. ఎక్కువ తాగే కార్ల మధ్య చిన్న తేడాలే పెద్దవి.

సగటు తీసేటప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. ఊళ్లో 60 కిలోమీటర్లు లీటరుకు 6 చొప్పున, హైవే మీద 60 కిలోమీటర్లు లీటరుకు 12 చొప్పున నడిపితే సగటు 9 కాదు. ఊళ్లో 10 లీటర్లు, హైవే మీద 5 లీటర్లు, మొత్తం 120 కిలోమీటర్లకు 15 లీటర్లు, సగటు 8. ఈపీఏ వారు కూడా ఊరికి 55 శాతం, హైవేకి 45 శాతం దూరం ఇచ్చి, ఇంధనాన్ని కలిపే సగటు తీస్తారు. మైలేజీ అంకెలను కూడి రెండుతో భాగించే అలవాటును దయచేసి మానుకోండి.

ఇంటి దగ్గర మేమే కొలవాలంటే సరైన పద్ధతి ఏమిటి?

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు వరకు. బంకులో పెట్రోలు పోసే తుపాకీ (గన్) మొదటిసారి తనంతట తాను ఆగినప్పుడు ఆపించండి; ఆ తర్వాత రూపాయల లెక్క సరిపెట్టడానికి మరికొంత పోయించవద్దు. ట్రిప్ మీటరును సున్నాకు తెచ్చి బయలుదేరండి. తిరిగి వచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అదే దిశలో కారు నిలిపి మళ్లీ నింపించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే కొలిచే దూరం చాలనప్పుడు. ఒంగోలు మిత్రుడొకరు ఒకసారి 140 కిలోమీటర్లు తిరిగి 10 లీటర్లే పట్టాయని, లీటరుకు 14 వచ్చిందని సంతోషంతో ఫోను చేశారు. స్పోర్ట్స్ కార్ల ట్యాంకు ఇంజనుకూ సస్పెన్షనుకూ చోటు వదిలేందుకు వంకర టింకరగా ఉంటుంది. పెట్రోలు నురగ కట్టి తుపాకీ ముందే ఆగిపోవడం మామూలే. ఆయన కారు నేల వాలుగా ఉన్న చోట నిలిచింది కూడా. మరుసటిసారి అంతే దూరానికి 22 లీటర్లు పట్టాయి, అంటే 6.4. ఆ సాయంత్రం ఆయన గొంతు విని నాకు నిజంగా బాధ కలిగింది, కారును మెకానిక్కు దగ్గరికి పంపుదామనే దాకా వెళ్లారు. రెండిటినీ కలిపితే 280 కిలోమీటర్లకు 32 లీటర్లు, లీటరుకు 8.75. ఆ కారుకు అది తగిన అంకే. రెండు లీటర్ల పొరపాటు 10 లీటర్ల కొలతలో 20 శాతం, 50 లీటర్ల కొలతలో 4 శాతం. అందుకని 40 లీటర్లకు తక్కువ పట్టిన ఏ లెక్కనూ నేను పుస్తకంలో ఎక్కించను, మూడు ట్యాంకుల సగటు రానిదే ఎవరి కారునూ ఎవరి కారుతోనూ పోల్చను.

నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు. రోడ్డు తీరం వెంబడి దాదాపు చదునుగా సాగుతుంది. తెల్లవారుజామున బయలుదేరి ఒంగోలు వెళ్లి వెనక్కి రావడం మా ప్రామాణిక పరీక్ష. రెండుసార్లు వెళ్లి వస్తే గానీ మా 40 లీటర్ల నియమం పూర్తి కాదని కొందరు విసుక్కుంటారు, అయినా నేను ఆ నియమాన్ని సడలించలేదు. ముసునూరు, టంగుటూరు టోల్ గేట్ల దగ్గర ఆగిన నిమిషాలను కూడా రాసుకుంటాము.

వెళ్లి రావడం ఎందుకు? ఒకవైపు సరిపోదా?

గాలి కోసం. రోడ్డు దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటుంది. కార్తీక, మార్గశిర మాసాల్లో ఈశాన్యపు గాలి వీస్తున్నప్పుడు ఒంగోలు వైపు వెళ్లే కారుకు అది ఎదురుగాలి. 100 వేగంతో వెళ్లే కారుకు నేరుగా 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, గాలి నిరోధం 120 వేగంలో ఉన్నట్టే ఉంటుంది, అంటే 44 శాతం ఎక్కువ. తిరుగు ప్రయాణంలో ఆ గాలే వెనక నుంచి తోస్తుంది.

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును నమ్మవచ్చా?

అదే కారులో నిన్నటికీ నేటికీ తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. రెండు వేర్వేరు కంపెనీల కార్లను పోల్చడానికి పనికిరాదు, ఎందుకంటే అది పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి వేసిన అంచనా, చాలాసార్లు అసలు కంటే కొంత ఎక్కువే చూపిస్తుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల మైలేజీ తగ్గుతుందా?

తగ్గుతుంది. దీన్ని అనుమానంగా కాక లెక్కగా చెప్పవచ్చు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. కనుక 20 శాతం ఇథనాల్ కలిసిన లీటరులో, కలవని లీటరు కంటే ఆరేడు శాతం తక్కువ శక్తి ఉంటుంది. నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన ఇథనాల్ ప్రణాళికలో కూడా, 20 శాతం ఇథనాల్ పెట్రోలు వాడితే, ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై 10 శాతానికి సరిదిద్దిన నాలుగు చక్రాల వాహనాలకు 6 నుంచి 7 శాతం, 10 శాతానికి తయారై 20 శాతానికి సరిదిద్దిన వాటికి 1 నుంచి 2 శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేశారు. అందుకే పాత అంకెలనూ కొత్త అంకెలనూ ఒకే వరుసలో పెట్టకూడదు. నా పుస్తకంలో ఏ ట్యాంకులో ఏ పెట్రోలు ఉందో రాసే గడి అందుకే వచ్చింది.

ఇక ఆక్టేన్ సంగతి. ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి అని చాలామంది అనుకుంటారు. అది నిజానికి ఇంజనులో నాకింగ్ (పెట్రోలు వేళకు ముందే తనంతట తాను మండి ఇంజను టకటకలాడడం) రాకుండా తట్టుకునే గుణం. 95 లేదా 98 ఆక్టేన్ కోసం తయారైన ఇంజనులో తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే, కారు కంప్యూటరు నాకింగ్‌ను గుర్తించి స్పార్కును ఆలస్యం చేస్తుంది. బలమూ తగ్గుతుంది, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. మే నెలలో వడగాలికి ఇంజనులోకి వెళ్లే గాలే కాగిపోయి ఉంటుంది గనుక ఈ నష్టం మనకు మరింత ఎక్కువ. పెట్రోలు ట్యాంకు మూత మీద రాసిన ఆక్టేన్ అంకెను పాటించండి. దానికి మించి పోయించడం వల్ల మామూలు ప్రయాణంలో మైలేజీకి ఒరిగేది స్వల్పం.

ఎండాకాలంలో మైలేజీ తప్పక తగ్గుతుందా?

హైవే మీద తప్పనిసరి కాదు. వేడి గాలి పలుచన. 20 డిగ్రీల గాలి కంటే 40 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువ, ఆ మేరకు గాలి నిరోధం కూడా తక్కువ. ఏసీ లాక్కునే శక్తి, స్పార్కు ఆలస్యం ఆ లాభాన్ని తినేస్తాయి. ఊళ్లో మాత్రం ఏసీ భారం స్పష్టంగా పైచేయి అవుతుంది.

వెడల్పు టైర్లు, కొత్త రిమ్ములు వేయించాక మైలేజీ పెరిగింది. అది సాధ్యమేనా?

చుట్టుకొలత చూసుకోండి. టైరు చుట్టుకొలత 2 శాతం తగ్గితే ఓడోమీటరు 2 శాతం ఎక్కువ దూరం చూపుతుంది, లేని మైలేజీ పుడుతుంది. ఫోనులోని జీపీఎస్‌తో 50 కిలోమీటర్లు సరిచూసి, తేడాను లెక్కలో సవరించుకుంటే నిజం బయటపడుతుంది. రోడ్డును గట్టిగా పట్టుకునే మెత్తని టైర్లు సాధారణంగా మైలేజీని తగ్గిస్తాయే గానీ పెంచవు.

టర్బో ఉన్న చిన్న ఇంజను మంచిదా, టర్బో లేని పెద్ద ఇంజనా?

మీ పాదాన్ని బట్టి. టర్బో అంటే సిలిండర్లలోకి గాలిని బలంగా నెట్టే పరికరం. టర్బో ఇంజను మెల్లగా నడిపినప్పుడు చిన్న ఇంజనులా ప్రవర్తిస్తుంది కాబట్టి అధికారిక పరీక్షల్లో మంచి అంకె తెచ్చుకుంటుంది. పూర్తి బలం వాడినప్పుడు మాత్రం లోపలి భాగాలు మితిమీరి వేడెక్కకుండా చాలా ఇంజన్లు అదనపు పెట్రోలు చల్లుతాయి, అంకె ఒక్కసారిగా కిందికి దిగుతుంది. టర్బో లేని ఇంజను అంత ఎత్తుకూ వెళ్లదు, అంత లోతుకూ పడదు. నిలకడగా నడిపే వారికి టర్బోతో నిజంగా లాభం ఉంది. ఖాళీ రోడ్డు కనబడగానే తొక్కేవారు కాగితం మీది అంకెను మరిచిపోవడమే మంచిది.

హైబ్రిడ్ స్పోర్ట్స్ కార్ల అంకెలు నమ్మశక్యంగా లేవు. ఎలా అర్థం చేసుకోవాలి?

పోర్షె 918 స్పైడర్‌కు ఐరోపా ఎన్‌ఈడీసీ పరీక్షలో 100 కిలోమీటర్లకు సుమారు 3 లీటర్లు అని వచ్చింది, అంటే లీటరుకు 32 కిలోమీటర్ల పైన. 887 హార్స్‌పవర్ కారుకు ఆ అంకె ఎలా వచ్చిందంటే, పరీక్షలో ఒక భాగం నిండిన బ్యాటరీతోనే సాగింది, ఆ కరెంటును పెట్రోలు లెక్కలో కలపలేదు. అదే కారు పెట్రోలు మీద మాత్రమే నడిచినప్పుడు ఈపీఏ ఇచ్చిన అంకె 22 మైళ్లు, అంటే లీటరుకు 9.4 కిలోమీటర్లు. బీఎండబ్ల్యూ ఐ8కు 100 కిలోమీటర్లకు 2.1 లీటర్లు అని వచ్చినదీ ఈ పద్ధతిలోనే. ఇలాంటి కార్లను పోల్చేటప్పుడు పెట్రోలు లీటర్లను, కరెంటు యూనిట్లను రెండు వేర్వేరు గడుల్లో రాయాలి. బ్యాటరీ ఖాళీ అయ్యాక నడిచిన దూరాన్ని విడిగా కొలవాలి.

పూర్తి ఎలక్ట్రిక్ కార్లలో దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా ఉంది. 2020 పోర్షె టేకాన్ టర్బోకు ఈపీఏ ఇచ్చిన దూరం 201 మైళ్లు, సుమారు 323 కిలోమీటర్లు. రోడ్డు మీద నడిపి చూసిన వారికి అంతకంటే చాలా ఎక్కువ దూరం వచ్చింది.

మైలేజీ తేడా వల్ల ఏడాదికి డబ్బు ఎంత మిగులుతుంది?

లీటరు 110 రూపాయలు అనుకుని, ఏడాదికి 6,000 కిలోమీటర్లు నడిపితే, లీటరుకు 8 ఇచ్చే కారుకు 82,500 రూపాయలు, 6 ఇచ్చే కారుకు 1,10,000 రూపాయలు అవుతాయి. తేడా 27,500. ఇలాంటి కారుకు ఒక జత టైర్ల ఖర్చు పక్కన అది చిన్నదే.

డబ్బు కంటే ముఖ్యమైనది ఒక ట్యాంకుతో వెళ్లగల దూరం. జీటీ-ఆర్ ట్యాంకు 74 లీటర్లు, ఎంఎక్స్-5 ట్యాంకు 45 లీటర్లు. ఈపీఏ సగటుతో గుణిస్తే మొదటి దానికి సుమారు 566 కిలోమీటర్లు, రెండో దానికి 553. మైలేజీలో ఒకటిన్నర రెట్ల తేడా ఉన్న రెండు కార్లు దాదాపు ఒకేచోట ఆగిపోతాయి. మీ కారుకు కావలసిన ఆక్టేన్ పెట్రోలు దారిలోని ప్రతి బంకులోనూ దొరకదు కాబట్టి, సగటులో 80 శాతం దూరానికే ప్రయాణాన్ని లెక్క వేసుకోండి.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కితే లెక్క ఎలా మారుతుంది?

1,600 కిలోల కారును 300 మీటర్ల ఎత్తుకు మోయడానికి అదనంగా సుమారు అర లీటరు పెట్రోలు అవుతుంది. దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, అప్పుడు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు ఖర్చవుతుంది, బ్రేకులు కాగిపోతాయి, ప్రాణానికి ప్రమాదం. అది పులుల అభయారణ్యం గుండా పోయే దారి, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. అక్కడ మెల్లగా నడపండి.

రేసింగ్ ట్రాక్ మీద మైలేజీ ఎంత ఉంటుంది?

మనకు దగ్గరి ట్రాక్ చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. ట్రాక్ మీద ఇంజను సగటున తన బలంలో సగం దాకా వాడుతుంది. 400 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉండే కారు గంటకు 60 లీటర్ల వరకు తాగగలదు, లీటరుకు 2 కిలోమీటర్లు దాటితే మెల్లగా నడిపినట్టే. అంటే 64 లీటర్ల ట్యాంకు గంట సేపటికి మించి రాదు. మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపుకు అందకపోవచ్చు కాబట్టి పావు ట్యాంకు మిగిలి ఉండగానే బయటికి రావాలి. ఆ రోజు తాగిన లీటర్లను నేను హైవే లెక్కలో కలపనివ్వను. ట్రాక్ నుంచి బయటికి వచ్చిన వెంటనే మొదటి బంకులో ఫుల్ చేయించి, ట్రిప్ మీటరును సున్నాకు తెచ్చి, నెల్లూరు దారి పట్టమని చెబుతాను.